ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగేళ్ల స్కేళ్లు: స్థానిక సంస్థల ఉద్యోగులు మంజూరు చేయించుకునే పూర్తి విధానం

జిల్లా పరిషత్తు, మండల పరిషత్తు, మున్సిపాలిటీ ఉద్యోగులు, పంచాయతీరాజ్ టీచర్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "నాకు ఆరేళ్లు నిండాయి, స్కేలు ఎలా వేయించుకోవాలి?" ఒకే పోస్టులో ప్రమోషన్ లేకుండా ఏళ్ల తరబడి పనిచేసినవారికి పై స్కేలు ఇచ్చే ఈ పద్ధతినే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్, అంటే ఏఏఎస్, అంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు చోట్లా పద్ధతి దాదాపు ఒకటే. కానీ వేతనాల అంకెలు, తాజా జీవోలు వేరు. ఈ కింది ఉదాహరణలో ఆంధ్రప్రదేశ్ 2022 స్కేళ్లు వాడాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ ఫైలు నిలిచేదైనా, పడిపోయేదైనా సర్వీస్ రిజిస్టర్ (ఎస్సార్) దగ్గరే. అందుకే దరఖాస్తు కంటే ఎస్సార్ గురించే ఎక్కువ రాశాను.

1. ఈ స్కీమ్ మీకు వర్తిస్తుందా?

రెగ్యులర్ పే స్కేలులో ఉన్న స్థానిక సంస్థల ఉద్యోగులకు వర్తిస్తుంది. పీఆర్సీ (వేతన సవరణ సంఘం) అమలు జీవోల్లోనే స్థానిక సంస్థలు, ఎయిడెడ్ సంస్థల ఉద్యోగులను చేర్చి రాస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరి 17 నాటి జీవో ఎంఎస్ నం. 1, తెలంగాణలో 2021 జూన్ 11 నాటి జీవో ఎంఎస్ నం. 51 వేతన స్కేళ్లకు మూలం. ఏఏఎస్‌కు వేరే ఉత్తర్వులు ఉంటాయి. వాటి కాపీ మీ ఆఫీసు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఉంటుంది. అడిగి తీసుకుని పూర్తిగా చదవండి.

వర్తించనివారు:

□ కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్, కన్సాలిడేటెడ్ పే మీద పనిచేసేవారు
□ ఉత్తర్వులో పెట్టిన గ్రేడు పరిమితి దాటిన పై స్థాయి అధికారులు
□ ప్రమోషన్ వచ్చినా వద్దని రాసిచ్చినవారు, తర్వాత రావాల్సిన ప్రమోషన్ పోస్టు స్కేళ్లకు (దీని గురించి 10వ అంశంలో)

కాంట్రాక్టు మీద చేరి తర్వాత రెగ్యులర్ అయినవారు రెగ్యులరైజేషన్ ఉత్తర్వు చదవాలి. పే స్కేలు ఏ తేదీ నుంచి ఇచ్చారో ఆ తేదీ నుంచే మీ లెక్క మొదలు. అంతకుముందు చేసిన ఏళ్లను కలుపుకుని దరఖాస్తు పెడితే ఫైలు వెనక్కి వస్తుంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఉండే ఇలాంటి పథకం ఎంఏసీపీ 10, 20, 30 ఏళ్ల లెక్క మీద నడుస్తుంది. దాని సర్క్యులర్లు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. మన ఫైలుకు వాటిని జత చేయకండి.

2. ఏ మెట్టులో ఏం వస్తుంది?

6/12/18/24 పద్ధతి 2010 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది (జీవో ఎంఎస్ నం. 96, 2011 మే 20). అంతకుముందు 8/16/24 ఉండేది. పాత అరియర్స్ తేలనివారికి ఈ తేదీ ముఖ్యం.

ఆరేళ్లు: స్పెషల్ గ్రేడ్, ఎస్‌జీ. స్కేళ్ల పట్టికలో మీ స్కేలుకు వెంటనే పైనున్న స్కేలు.

పన్నెండేళ్లు: స్పెషల్ ప్రమోషన్ పోస్ట్ స్కేలు, ఎస్‌పీపీ-1ఏ. మీకు ప్రమోషన్ వస్తే ఏ పోస్టుకు వెళ్తారో ఆ పోస్టు స్కేలు. సర్వీసు రూల్స్‌లో ప్రమోషన్ దారే లేని పోస్టయితే, ఎస్‌జీ స్కేలుకు పై స్కేలు.

పద్దెనిమిదేళ్లు: ఎస్‌పీపీ-1బి. స్కేలు అదే, అందులో ఒక ఇంక్రిమెంటు.

ఇరవై నాలుగేళ్లు: ఎస్‌పీపీ-2. ఎస్‌పీపీ-1 స్కేలుకు పై స్కేలు.

చాలామంది "స్కేలు మారితే జీతం స్కేలు మినిమం దగ్గర మొదలవుతుందేమో" అని టెన్షన్ పడతారు. అలా కాదు. మీ ప్రస్తుత బేసిక్‌కు పై మెట్టులో జీతం ఫిక్స్ అవుతుంది. బేసిక్ కొత్త స్కేలు మినిమం కంటే తక్కువగా ఉంటే మాత్రం ఆ మినిమం వస్తుంది.

3. దరఖాస్తుకు ముందు సర్వీస్ రిజిస్టర్ చూసుకోండి

గడువుకు కనీసం మూడు నెలల ముందే ఎస్సార్ చూపించమని డీడీవోను (జీతాల బిల్లులు పెట్టే అధికారిని) రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే "రేపు రండి" అనడం మామూలే. పుస్తకం చేతికొచ్చాక కంగారు పడకుండా మొదటి పేజీ నుంచి చివరి ఎంట్రీ దాకా చూడండి.

చూడాల్సినవి:

□ చేరిన తేదీ, ఉదయమా మధ్యాహ్నమా. మధ్యాహ్నం చేరినట్టు రాసి ఉంటే ఆరేళ్ల లెక్క మర్నాటి నుంచి మొదలవుతుంది.
□ నియామక ఉత్తర్వు నంబరు, తేదీ
□ ప్రొబేషన్ డిక్లరేషన్ ఎంట్రీ
□ ప్రతి ఏడాది ఇంక్రిమెంటు ఎంట్రీ, దాని కింద సంతకం
□ ప్రతి ఏడాది సర్వీసు వెరిఫికేషన్ ఎంట్రీ
□ ఈవోఎల్ (జీతం లేని సెలవు) పెట్టిన ప్రతి కాలం, మంజూరు ఉత్తర్వుతో సహా
□ బదిలీ అయితే రిలీవ్ అయిన తేదీ, చేరిన తేదీ, మధ్యలో జాయినింగ్ టైమ్
□ సస్పెన్షన్ ఉంటే, ఆ కాలాన్ని ఎలా పరిగణించారో చెప్పే ఉత్తర్వు
□ శిక్షలు, చార్జ్ మెమోలు, వాటిపై తుది ఉత్తర్వులు
□ పాసైన డిపార్ట్‌మెంటల్ టెస్టులు
□ గత పీఆర్సీ వేతన నిర్ధారణ, ఆడిట్ చూసిన ముద్ర

ఎక్కువ ఇబ్బంది పెట్టేది రెండు బదిలీల మధ్య ఖాళీ. పాత మండలంలో ఫలానా తేదీన రిలీవ్ అని ఎంట్రీ ఉంటుంది. కొత్త మండలంలో చేరిన ఎంట్రీ తొమ్మిది రోజుల తర్వాత కనిపిస్తుంది. మధ్య తొమ్మిది రోజులకు జాయినింగ్ టైమ్ మంజూరు ఉత్తర్వు ఎస్సార్‌లో ఉండదు. ట్రెజరీలోనో ఆడిట్‌లోనో ఎవరైనా ఆ ఖాళీని పట్టుకుంటే ఆ రోజులు సర్వీసులోకి రావని ఆపేస్తారు. కాబట్టి పాత డీడీవో దగ్గర ఉన్న రిలీవింగ్ ఉత్తర్వు, ఎల్పీసీ (చివరి జీతం సర్టిఫికెట్) కాపీలు తెచ్చి, ఇప్పటి డీడీవోతో ఎంట్రీ వేయించుకోండి. ఆ పాత అధికారి రిటైరయ్యాక వెతకడం చాలా కష్టం.

రెండోది వార్షిక వెరిఫికేషన్. ఫలానా ఏప్రిల్ నుంచి మార్చి వరకు సర్వీసును జీతం బిల్లులతో సరిచూశామని రాసే ఎంట్రీ ఇది. చాలా ఆఫీసుల్లో ఏళ్లకేళ్లు వదిలేస్తారు. అప్పటి పే బిల్లు రిజిస్టరు ఏ ఆఫీసులో ఉందో అక్కడి డీడీవోనే ఆ ఎంట్రీ వేయాలి. మీరు నాలుగు ఆఫీసులు మారి ఉంటే నాలుగు లేఖలు రాయాల్సి వస్తుంది. ముందే మొదలుపెట్టమని చెప్పడం ఇందుకే.

అన్నీ చూశాక మొత్తం పుస్తకం ఫోటోలు తీసుకోండి, లేదా జిరాక్సు తీయించండి. ఎస్సార్ పోయిన కేసుల్లో ఉద్యోగి దగ్గరున్న కాపీలే ఆధారంగా డూప్లికేట్ ఎస్సార్ తయారవుతుంది.

4. గడువు తేదీ లెక్క వేయడం

లెక్క వరుస ఇలా:

మొదట, ఇప్పటి పోస్టులో చేరిన తేదీ రాయండి. ఉద్యోగంలో మొదటిసారి చేరిన తేదీ కాదు. ప్రమోషన్ వస్తే కొత్త పోస్టులో గడియారం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. జూనియర్ అసిస్టెంటుగా నాలుగేళ్లు, సీనియర్ అసిస్టెంటుగా రెండేళ్లు చేసినవారికి ఆరేళ్ల స్కేలు రాదు. సీనియర్ అసిస్టెంటుగానే ఆరేళ్లు నిండాలి.

తర్వాత, ఇంక్రిమెంటుకు లెక్కలోకి రాని రోజులన్నీ కూడండి. ఈవోఎల్, డైస్ నాన్ (సర్వీసుగా లెక్కించని గైర్హాజరు), డ్యూటీగా పరిగణించని సస్పెన్షన్ ఇందులోకి వస్తాయి. అనారోగ్యం వల్లో, ఉన్నత చదువు కోసమో ఈవోఎల్ పెట్టి ఉంటే, ఫండమెంటల్ రూల్ (ఎఫ్ఆర్) 26 కింద ఆ కాలాన్ని ఇంక్రిమెంటుకు లెక్కించమని కోరవచ్చు. ఆరు నెలల వరకు శాఖాధిపతికి అధికారం ఉంది, అంతకు మించితే ప్రభుత్వానికి వెళ్లాలి. ఈ ఉత్తర్వు ముందు తెచ్చుకున్నాకే ఏఏఎస్ దరఖాస్తు పెట్టండి.

చివరగా, మిగిలిన రోజులను గడువు తేదీకి కలపండి.

ఒక లెక్క చూద్దాం. 2018 అక్టోబర్ 10 ఉదయం చేరినవారికి ఎలాంటి విరామం లేకపోతే 2024 అక్టోబర్ 9తో ఆరేళ్లు నిండుతాయి. అక్టోబర్ 10 నుంచి ఎస్‌జీ. అదే వ్యక్తి 47 రోజులు ఈవోఎల్ పెట్టి, దాన్ని లెక్కించమన్న ఉత్తర్వు లేకపోతే, ఎస్‌జీ తేదీ 2024 నవంబర్ 26కు జరుగుతుంది. ఆయన ఇంక్రిమెంటు కూడా అక్టోబర్ 1 నుంచి నవంబర్ 1కి జరిగి ఉండాలి. ఎస్సార్‌లో ఇంక్రిమెంటు అక్టోబర్‌లోనే కొనసాగుతుంటే అక్కడో తప్పుంది. ఏఏఎస్ ఫైలు కదిలినప్పుడు అదీ బయటపడుతుంది. ముందే సరిచేయించుకోవడం మేలు.

అంతర్ జిల్లా బదిలీ మీద వచ్చినవారికి కొత్త జిల్లాలో సీనియారిటీ పోతుంది. పోస్టు అదే కాబట్టి పాత జిల్లాలో చేసిన సర్వీసు ఏఏఎస్‌కు లెక్కలోకి వస్తుంది. కొందరు గుమాస్తాలు ఈ రెంటినీ కలిపేసి కొత్త జిల్లాలో చేరిన తేదీ నుంచి లెక్కిస్తారు. ఒప్పుకోవద్దు.

5. అర్హతలు, డిపార్ట్‌మెంటల్ టెస్టులు

ఆరేళ్ల స్కేలుకు ప్రమోషన్ అర్హతలు అక్కర్లేదు. పన్నెండేళ్ల స్కేలుకు కావాలి. ప్రమోషన్ పోస్టు స్కేలు ఇస్తున్నారు కాబట్టి, ఆ ప్రమోషన్‌కు రూల్స్ ఏ చదువు, ఏ టెస్టు అడుగుతాయో అవన్నీ మీ దగ్గర ఉండాలి.

ఎస్‌జీటీకి (సెకండరీ గ్రేడ్ టీచరుకు) స్కూల్ అసిస్టెంట్ ప్రమోషన్‌కు కావాల్సిన డిగ్రీ, బీఈడీ చూస్తారు. స్కూల్ అసిస్టెంటుకు హెడ్మాస్టర్ ప్రమోషన్ కోసం గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టు (జీవోటీ), ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్టు (ఈవోటీ) చూస్తారు. జిల్లా పరిషత్తు, మున్సిపల్ ఆఫీసు సిబ్బందికి మీ సర్వీసు రూల్స్‌లో రాసిన అకౌంట్స్ టెస్టు వంటివి చూస్తారు. ఈ టెస్టులు ఆంధ్రప్రదేశ్‌లో ఏపీపీఎస్సీ, తెలంగాణలో టీజీపీఎస్సీ నిర్వహిస్తాయి.

టెస్టు ఆలస్యంగా పాసైతే? పన్నెండేళ్లు నిండిన తేదీ నుంచి స్కేలు రాదు. పాసైన టెస్టుకు సంబంధించి చివరి పరీక్ష రాసిన రోజు మర్నాటి నుంచి వస్తుంది. ఫలితాలు వచ్చిన తేదీ నుంచి కాదు. ఫలితాలకు నెలలు పడుతుంది కాబట్టి ఈ తేడా డబ్బులో కనిపిస్తుంది. ప్రొసీడింగ్స్‌లో (మంజూరు ఉత్తర్వులో) ఫలితాల తేదీ వేస్తే సవరించమని వెంటనే రాయండి.

నా సలహా: ఉద్యోగంలో చేరిన మొదటి నాలుగైదేళ్లలోనే టెస్టులు పూర్తి చేసేయండి. పన్నెండో ఏట పిల్లల చదువులు, ఇంటి పనులు, ఎన్నికల డ్యూటీల మధ్య ఫండమెంటల్ రూల్స్ పుస్తకం పట్టుకోవడం ఎవరికైనా భారమే. వయసు పెరిగాక టెస్టుల నుంచి మినహాయింపు వస్తుందిలే అని ఆగితే మధ్యలో ఏళ్ల జీతం పోతుంది.

6. దరఖాస్తు

ఒక పేజీ చాలు. అందులో ఇవి ఉండాలి:

□ పేరు, హోదా, ఉద్యోగి ఐడీ
□ ఇప్పటి పోస్టులో చేరిన తేదీ, ఉత్తర్వు నంబరు
□ లెక్కలోకి రాని రోజులు, లేకపోతే "లేవు" అని
□ కోరుతున్న స్కేలు, ఏ తేదీ నుంచి
□ ఆ తేదీకి ముందురోజు బేసిక్
□ శాఖాపరమైన చర్యలేవీ పెండింగులో లేవని, ప్రమోషన్ వదులుకోలేదని డిక్లరేషన్
□ పన్నెండేళ్లు ఆపైన స్కేళ్లకు: చదువు సర్టిఫికెట్లు, టెస్టు ఫలితాల కాపీలు

విషయం ఇలా రాస్తే సరిపోతుంది: "జూనియర్ అసిస్టెంటుగా ఆరేళ్ల సర్వీసు పూర్తయినందున 10-10-2024 నుంచి స్పెషల్ గ్రేడ్ స్కేలు మంజూరు చేయుట గురించి."

దరఖాస్తు ఎప్పుడూ ఆఫీసు ఇన్‌వర్డులో నమోదు చేయించి, మీ కాపీ మీద నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. తర్వాత పైకి రాసినా, ఆర్టీఐ కింద అడిగినా ఆ ఇన్‌వర్డు నంబరే మీకు ఆధారం.

దరఖాస్తు ఎవరికి? సాధారణంగా నియామకాధికారికి, డీడీవో ద్వారా. మున్సిపాలిటీలో కమిషనర్, జిల్లా పరిషత్తు సిబ్బందికి సీఈవో. టీచర్లకు హోదాను బట్టి ఎంఈవో, గెజిటెడ్ హెడ్మాస్టరు, ఆపై విద్యాశాఖ అధికారులు.

7. ప్రొసీడింగ్స్ చేతికొచ్చాక చూడాల్సినవి

మంజూరు ఉత్తర్వు వచ్చిందని సంతోషంలో ఫైలులో పెట్టేసుకోకండి. ఒక్కో అంకె సరిచూడండి:

□ చేరిన తేదీ, మంజూరు తేదీ
□ పాత స్కేలు, కొత్త స్కేలు పూర్తిగా (మినిమం, మాక్సిమం)
□ ఏ ఫండమెంటల్ రూల్ కింద ఫిక్స్ చేశారు
□ మంజూరుకు ముందు బేసిక్, తర్వాత బేసిక్
□ తర్వాతి ఇంక్రిమెంటు తేదీ
□ ఆధారంగా చూపిన జీవో మీ పీఆర్సీకి చెందినదేనా

చివరి అంశంలోనే తరచూ తప్పు దొర్లుతుంది. పాత ప్రొసీడింగ్స్ టైపు చేసిన ఫైలు మీదే పేరు మార్చి రాస్తుంటారు, జీవో మాత్రం పాతదే మిగిలిపోతుంది. ట్రెజరీ వాళ్లు తిప్పి పంపడానికి ఇదొక్కటి చాలు.

8. వేతన నిర్ధారణ: మెట్టు మెట్టుగా

పై ఉదాహరణలోని జూనియర్ అసిస్టెంటునే తీసుకుందాం. స్కేలు 25,220–80,910. విరామం లేదు, ఇంక్రిమెంట్లన్నీ సమయానికి వచ్చాయనుకుందాం.

2018 అక్టోబర్ 10: 25,220
2019 అక్టోబర్ 1: 25,940
2020 అక్టోబర్ 1: 26,720
2021 అక్టోబర్ 1: 27,500
2022 అక్టోబర్ 1: 28,280
2023 అక్టోబర్ 1: 29,130
2024 అక్టోబర్ 1: 29,980 (వార్షిక ఇంక్రిమెంటు)
2024 అక్టోబర్ 10: 30,830 (ఎస్‌జీ)
2025 అక్టోబర్ 1: 31,750

ఇక్కడ మూడు విషయాలు గమనించాలి.

వార్షిక ఇంక్రిమెంటు నెల ఒకటో తేదీకి వస్తుంది, ఎస్‌జీ మాత్రం సర్వీసు నిండిన అసలు తేదీ నుంచి వస్తుంది. అందుకే ఒకే నెలలో రెండుసార్లు బేసిక్ మారింది. "ఈ నెల ఒక ఇంక్రిమెంటు వచ్చిందిగా, మళ్లీ ఎందుకు" అని ఎవరైనా రెండోది ఆపితే, ఈ రెండూ వేర్వేరు రూల్స్ కింద వచ్చేవని చెప్పండి.

ఎస్‌జీ తీసుకున్నంత మాత్రాన ఇంక్రిమెంటు నెల మారదు. అక్టోబరే ఉంటుంది.

ఎస్‌జీ, ఎస్‌పీపీ స్కేళ్లలో ఫిక్సేషన్ ఎఫ్ఆర్ 22(ఎ)(1), ఎఫ్ఆర్ 31(2) కింద జరుగుతుంది. ప్రమోషన్‌కు వాడే 22-బి ఇక్కడ రాదు. ప్రొసీడింగ్స్‌లో పొరపాటున 22-బి పెట్టి ఒక ఇంక్రిమెంటు ఎక్కువ ఇచ్చినా ఆనందపడకండి. ఆడిట్‌లో రికవరీ పడుతుంది.

9. అరియర్స్ బిల్లు

మంజూరు ఆలస్యమైతే తేడా మొత్తాన్ని డ్యూ–డ్రాన్ స్టేట్‌మెంటుతో (రావాల్సింది, తీసుకున్నది చూపే పట్టికతో) క్లెయిమ్ చేయాలి. అదే ఉద్యోగికి ప్రొసీడింగ్స్ 2026 జనవరిలో వచ్చాయనుకుందాం. ఆ నెల నుంచి కొత్త బేసిక్ జీతం బిల్లులోనే వస్తుంది, డిసెంబర్ దాకా అరియర్స్. బేసిక్ తేడా ఇలా:

2024 అక్టోబర్: 850లో 31 రోజులకు 22 రోజుల వాటా, 603
2024 నవంబర్ నుంచి 2025 సెప్టెంబర్ వరకు: 11 నెలలు, నెలకు 850, మొత్తం 9,350
2025 అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు: 3 నెలలు, నెలకు 920, మొత్తం 2,760

మొత్తం బేసిక్ తేడా 12,713. దీని మీద ఆయా కాలంలో అమల్లో ఉన్న డీఏ, మీ ఊరికి వర్తించే హెచ్ఆర్ఏ కలుస్తాయి.

2025 అక్టోబర్ నుంచి తేడా 850 కాకుండా 920 ఎందుకయింది? రావాల్సిన బేసిక్ 30,830 నుంచి 31,750కి పెరిగింది. తీసుకున్న బేసిక్ 29,980 నుంచి 30,830కే పెరిగింది. మాస్టర్ స్కేలులో (అన్ని స్కేళ్లూ కలిసిన మొత్తం మెట్ల వరుసలో) 30,830 దాటాక ఇంక్రిమెంటు రేటు 920. చాలా స్టేట్‌మెంట్లలో మొదటి నెల తేడానే చివరిదాకా లాగేస్తారు. ఆ డబ్బు చిన్నదే అయినా ఏళ్లు గడిచేకొద్దీ పెద్దదవుతుంది, కాబట్టి ప్రతి ఇంక్రిమెంటు నెలలో లెక్క ఆపి మళ్లీ చూడండి.

బిల్లుకు జత చేయాల్సినవి:

□ ప్రొసీడింగ్స్ కాపీ
□ ఎస్సార్‌లో వేసిన ఎంట్రీ పేజీ కాపీ
□ నెలవారీ డ్యూ–డ్రాన్ స్టేట్‌మెంటు, డీడీవో సంతకంతో
□ ఈ మొత్తం ఇంతకుముందు డ్రా చేయలేదని సర్టిఫికెట్

సీపీఎస్ (కంట్రిబ్యూటరీ పెన్షన్) ఉద్యోగులకు అరియర్స్‌లోని బేసిక్, డీఏ మీద 10 శాతం వాటా కట్ అవుతుంది. అది మీ ప్రాన్ (పెన్షన్) ఖాతాలో పడిందో లేదో తర్వాత చూసుకోండి. పాత ఏళ్ల అరియర్స్ ఒకేసారి వస్తే ఆదాయపు పన్నులో రిలీఫ్ ఉంటుంది. అందరూ 10-ఇ అని పిలిచే ఫారం రిటర్న్ వేసేముందే ఆన్‌లైన్‌లో నింపాలి.

ట్రెజరీలో టోకెన్ నంబరు పడ్డాక బిల్లు స్థితి ఆంధ్రప్రదేశ్‌లో సీఎఫ్ఎంఎస్‌లో, తెలంగాణలో ఐఎఫ్ఎంఐఎస్‌లో చూసుకోవచ్చు. అభ్యంతరంతో వెనక్కి వస్తే, ఆ అభ్యంతరం ఏమిటో రాతలో తీసుకోండి.

10. ప్రమోషన్ దగ్గరలో ఉంటే

ఆరేళ్ల స్కేలు మాత్రమే తీసుకుని ప్రమోషన్ పొందినవారికి ఎఫ్ఆర్ 22-బి వర్తిస్తుంది. అంటే కింది పోస్టులో ఒక నోషనల్ ఇంక్రిమెంటు కలిపి, ఆపై మెట్టులో ఫిక్స్ చేస్తారు. పన్నెండేళ్ల స్కేలు తీసుకున్నాక ప్రమోషన్ వస్తే 22-బి లేదు. ప్రమోషన్ పోస్టు స్కేలు ముందే అందింది కాబట్టి సాధారణ ఫిక్సేషన్ జరుగుతుంది.

"అయితే పన్నెండేళ్ల స్కేలు తీసుకోకుండా ప్రమోషన్ కోసం ఆగాలా?" అని అడుగుతారు. ప్రమోషన్ల ప్యానెల్ (జాబితా) ఎప్పుడొస్తుందో, ఖాళీలు ఎన్ని తేలతాయో ఎవరి చేతిలోనూ లేదు. స్కేలు తేదీ మాత్రం ఖాయం. ప్రమోషన్ ఉత్తర్వు చేతిలో ఉంటే తప్ప ఆగడంలో అర్థం లేదని నా అభిప్రాయం.

ప్రమోషన్ వద్దని రాసిచ్చే ముందు మాత్రం బాగా ఆలోచించండి. దూరమైన ఊరు వచ్చిందని రిలింక్విష్ చేస్తే, తర్వాత రావాల్సిన ఎస్‌పీపీ స్కేళ్లకు అది అడ్డం వస్తుంది. ఇంట్లో కూర్చుని పోయే డబ్బు ఎంతో లెక్క వేసుకుని, అప్పుడే సంతకం పెట్టండి.

11. ఎక్కువ కనిపించే చిక్కులు, పరిష్కారాలు

శిక్ష పెండింగులో ఉందని ఆపారు. చార్జ్ మెమో ఏ తేదీది? మీ గడువు తేదీ తర్వాత వచ్చిన మెమో చూపి అంతకుముందు హక్కుగా వచ్చిన స్కేలు ఆపితే, తేదీలు పక్కపక్కన రాసి వివరణ ఇవ్వండి. విచారణ ముగిసి ఉంటే తుది ఉత్తర్వు కాపీ జత చేయండి. ఇంక్రిమెంటు కోత క్యుములేటివ్ ఎఫెక్టుతో (ఆపై ఏళ్లకూ కొనసాగేలా) పడితే స్కేలు తేదీ ఆలస్యం కావచ్చు. అందుకే ఆ ఉత్తర్వులోని ప్రతి పదం చదవాలి.

పీఆర్సీ ఫిక్సేషన్ అయ్యాక పాత ఏఏఎస్ బయటపడింది. పాత స్కేళ్లలో ఏఏఎస్ మంజూరు చేసి, ఆ బేసిక్ మీద పీఆర్సీ ఫిక్సేషన్ మళ్లీ చేయించాలి. ఈ వరుస తప్పితే లెక్క కుదరదు. రెండు రాష్ట్రాల్లోనూ గత పీఆర్సీ స్కేళ్లు 2018 జూలై 1 నాటివి కాబట్టి, ఆ తేదీకి ముందు ఏదైనా స్కేలు మిగిలిపోయిందేమో చూడండి. కొత్త పీఆర్సీ ఎప్పుడు వచ్చినా, అంతకుముందే పాత బాకీలు తేల్చుకోవడం మంచిది.

జూనియర్‌కు నాకంటే ఎక్కువ బేసిక్ ఉంది. ముందు కారణం కనిపెట్టండి. ఇద్దరిదీ ఒకే క్యాడర్, ఒకే సీనియారిటీ జాబితా అయి, తేడా వేతన నిర్ధారణ వల్లే వచ్చి ఉంటే స్టెప్పింగ్ అప్ (జూనియర్ బేసిక్‌కు సమానం చేయడం) అడగవచ్చు. మీకు ఈవోఎల్ వల్ల తేడా వచ్చి ఉంటే ఆ దారి లేదు.

ఫైలు కదలడం లేదు. ఇన్‌వర్డు నంబరుతో రిమైండర్ ఇవ్వండి. ఇంకో నెల చూసి, ఫైలు నోట్ కాపీలు ఆర్టీఐ కింద అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఎవరి టేబుల్ మీద ఎందుకు ఆగిందో అందులో తెలుస్తుంది. ఆ తర్వాతే పై అధికారికి రాయండి, నేరుగా ఫిర్యాదుతో మొదలుపెట్టకండి.

12. ఎక్కువ ఇచ్చామని రికవరీ నోటీసు వస్తే

స్కేలు తప్పుగా ఇచ్చామంటూ ఏళ్ల తర్వాత రికవరీ మెమో వచ్చే సందర్భాలున్నాయి. వెంటనే ఒప్పుకుని సంతకం పెట్టవద్దు. లెక్క షీటు అడగండి, వివరణకు సమయం కోరండి.

2014 డిసెంబర్‌లో పంజాబ్ ప్రభుత్వం వర్సెస్ రఫీక్ మసీహ్ కేసులో సుప్రీంకోర్టు కొన్ని సందర్భాల్లో రికవరీ కూడదని చెప్పింది: క్లాస్ 3, క్లాస్ 4 ఉద్యోగుల నుంచి, రిటైరైనవారు, ఏడాదిలోపు రిటైర్ కాబోయేవారి నుంచి, ఐదేళ్లకు మించి ఎక్కువ చెల్లింపు జరిగాక ఉత్తర్వు ఇస్తే. మీ వివరణలో ఈ తీర్పును ప్రస్తావించండి.

అయితే 2016లో జగ్‌దేవ్ సింగ్ కేసులో, ఎక్కువ తీసుకుంటే తిరిగి ఇస్తానని ముందే హామీ పత్రం రాసినవారి విషయంలో రికవరీని సుప్రీంకోర్టు సమర్థించింది. పీఆర్సీ ఆప్షన్ ఫారాల్లో అలాంటి హామీ ఉంటుంది. మీరు ఏం సంతకం చేశారో ఎస్సార్‌లో చూసి జవాబు రాయండి. రికవరీ ఆగినా, తప్పు స్కేలు సవరించి ఇకముందు జీతం తగ్గించే అధికారం ఆఫీసుకు ఉంటుంది.

13. రిటైర్మెంట్‌కు రెండేళ్ల ముందు

పెన్షన్, గ్రాట్యుటీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ అన్నీ చివరి వేతనం మీదే ఆధారపడతాయి. జిల్లా పరిషత్తు, మండల పరిషత్తు సిబ్బంది, టీచర్ల పెన్షన్ కాగితాలు స్టేట్ ఆడిట్‌కు వెళ్తాయి. అక్కడ ఎస్సార్ మొదటి పేజీ నుంచి మళ్లీ చూస్తారు. పదిహేనేళ్ల క్రితం నాటి ఏఏఎస్‌లో ఉన్న చిన్న తేదీ తప్పు కూడా అప్పుడే లేస్తుంది.

కాబట్టి రెండేళ్ల ముందే:

□ నాలుగు స్కేళ్ల ప్రొసీడింగ్స్ కాపీలన్నీ ఒక చోట పెట్టుకోండి
□ ప్రతి స్కేలు తేదీని ఎస్సార్ ఎంట్రీతో సరిచూడండి
□ ప్రొసీడింగ్స్ ఉండి ఎస్సార్‌లో ఎంట్రీ లేకపోతే ఇప్పుడే వేయించండి
□ పదవీ విరమణ లోపు ఇరవై నాలుగేళ్లు నిండుతాయేమో చూసి, నిండితే ఆ దరఖాస్తు ఆ తేదీకే ఇవ్వండి
□ టెస్టుల సర్టిఫికెట్లు అసలువి దగ్గర పెట్టుకోండి

ఆడిట్ నుంచి అభ్యంతరం వస్తే జవాబు రాయాల్సింది ఆఫీసే. కానీ ఆధారాలు ఇవ్వగలిగింది మీరొక్కరే. అభ్యంతరం లేఖ కాపీ అడిగి తీసుకుని, ఏ కాగితం లేదన్నారో అదే తీసుకెళ్లి ఇవ్వండి, ఇచ్చినట్టు ఇన్‌వర్డు ముద్ర వేయించుకోండి.